నీ ఇంటికి వెళ్లి నీవారితో చెప్పు

(మిషన్ ఆదివారం నాడు కందుకూరు ప్రాంతంలోని ఒక విచారణలో, అంటే కతోలిక పారిష్‌లో, దివ్యపూజాబలి అనంతరం విశ్రాంత ఉపాధ్యాయురాలు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

పూజ్య విచారణ గురువులకు, కన్యస్త్రీలకు, ఉపదేశి గారికి, పెద్దలకు, నా తోటి తల్లులకు, యువతీ యువకులకు నమస్కారాలు.

ఈ రోజు మాట్లాడమని ఫాదర్ గారు అడిగినప్పుడు మొదట వద్దన్నాను. మిషన్ ఆదివారం అంటే దూరదేశాలకు వెళ్లి కష్టాలు పడిన గురువుల గురించి వినడం, పళ్లెంలో కానుక వేయడం, ఇంటికి వెళ్లిపోవడం మనకు అలవాటు. నేను ఏ దేశమూ వెళ్లలేదు. ముప్పై రెండేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు చెప్పి కావలిలో స్థిరపడినదాన్ని. అయితే ఆ రాత్రి మార్కు సువార్త 5వ అధ్యాయం చదువుతుంటే ఒక మనిషి దగ్గర నా చూపు ఆగిపోయింది. సమాధుల మధ్య తిరుగుతూ, గొలుసులు తెంచుకుంటూ, రాళ్లతో తన ఒంటిని తానే గాయపరచుకునే గెరాసేను ప్రాంతపు మనిషి అతడు. ప్రభువు అతణ్ణి బాగుచేశాడు. బట్టలు కట్టుకుని, స్వస్థచిత్తంతో కూర్చుని ఉన్న అతణ్ణి చూసి ఊరివాళ్లు భయపడ్డారు, తమ పందులు పోయినందుకు ప్రభువునే తమ ప్రాంతం విడిచి వెళ్లమన్నారు. పడవ ఎక్కుతున్న యేసును అతడు వేడుకున్నాడు: నన్ను నీతో రానివ్వు. ప్రభువు ఒప్పుకోలేదు. నీ ఇంటికి, నీవారి దగ్గరకు వెళ్లి, ప్రభువు నీకు ఎంత మేలు చేశాడో, నిన్ను ఎలా కనికరించాడో వాళ్లకు చెప్పమన్నాడు.

అతడికి ఏం తెలుసు? జ్ఞానోపదేశం చదవలేదు. ధర్మశాస్త్రం తెలియదు. ప్రభువుతో గడిపింది ఒక పూట. శిష్యులతో కలిసి కొన్నాళ్లు నేర్చుకుని అప్పుడు వెళ్లమనవచ్చు కదా అని మనకు అనిపిస్తుంది. ప్రభువు అలా అనలేదు. తనను తరిమేసిన ఊళ్లోనే, తనను ఎరిగిన ఒకే ఒక మనిషిని ఉంచి వెళ్లాడు. దెకపొలి అనే పది పట్టణాల ప్రాంతంలో అతడు చెప్పుకుంటూ తిరిగాడని, విన్నవారు ఆశ్చర్యపడ్డారని సువార్త రాస్తోంది. ఈ ఉదయం నేను మీతో మాట్లాడదలచుకున్నది ఆ మనిషి పని గురించే, అంటే గురువులూ కన్యస్త్రీలూ కాని మన పని గురించి.

మిషన్ ఆదివారాన్ని పదకొండవ పయస్ పాపుగారు (పోప్) 1926లో స్థాపించారు. మరుసటి ఏడే, 1927లో, ఆయన పునీత చిన్న తెరేజమ్మను పునీత ఫ్రాన్సిస్ శౌరితో (ఫ్రాన్సిస్ జేవియర్‌తో) పాటు మిషనుల పాలకురాలిగా ప్రకటించారు. ఆ తర్వాతి ఏడు, 1928 జులై 3న, మద్రాసు అగ్రపీఠం నుంచి వేరుచేసి మన నెల్లూరు పీఠాన్ని (డయోసిస్‌ను) ఏర్పరచారు. ఈ మూడు వరుస సంవత్సరాలను నేను ఎప్పుడూ కలిపే తలచుకుంటాను. పదిహేనో ఏట కార్మెల్ మఠంలో అడుగుపెట్టి, ఇరవై నాలుగో ఏట క్షయతో చనిపోయిన అమ్మాయి, ఏ మిషన్ దేశమూ చూడని అమ్మాయి, సముద్రాలు దాటిన శౌరి పక్కన నిలబెట్టబడింది. అలా నిలబెట్టినవారే మనకు పీఠాన్నీ ఇచ్చారు.

మిల్‌హిల్ అనే మిషనరీ సభ గురువులు ఈ ప్రాంతానికి వచ్చి ఎంత శ్రమించారో పెద్దలు చెప్పగా విన్నాం. మన మొదటి మేత్రాణులు (బిషప్పు) విలియం బౌటర్ గారు కూడా ఆ సభవారే. ఆ రుణం తీరనిది. కానీ ఒక ఫాదర్ గారి కింద పదుల ఊళ్లుండేవి. ఆయన గుర్రబ్బండి మీదో, తర్వాత మోటారు సైకిలు మీదో నెలకు ఒకసారి, రెండు నెలలకు ఒకసారి వచ్చేవారు. మిగిలిన రోజుల్లో విశ్వాసాన్ని ఎవరు మోశారు? ఈ ప్రశ్నకు జవాబు నేను మా ఇంట్లోనే చూశాను, ఎందుకంటే మా నాన్న ఉపదేశి.

ఆయనకు ఒక సైకిలు, ఒక లాంతరు, ఒక జపాల పుస్తకం ఉండేవి. సాయంత్రం పొలం పనులయ్యాక పల్లెకు వెళ్లేవారు. చిన్నప్పుడు సైకిలు వెనక కూర్చుని నేనూ వెళ్లేదాన్ని. ఆయన వెళ్లగానే ప్రార్థన మొదలుపెట్టేవారు కాదు. ఎవరి గేదె ఈనిందో, ఎవరికి జ్వరం తగ్గలేదో, ఎవరి ఇంట్లో మూడు రోజులుగా పొయ్యి సరిగ్గా వెలగడం లేదో ముందు తెలుసుకునేవారు. అందరూ చేరాక చదువురానివాళ్లకు పరలోక జపం ఒక్కొక్క మాట చెప్పి పలికించేవారు. ఒక ముసలమ్మకు విశ్వాస సంగ్రహం నోటికి రావడానికి ఒక వేసవంతా పట్టింది. ఆమె ఆ తర్వాత తన మనవలకు నేర్పింది, కోడలికి నేర్పింది, కోత కాలంలో పనికి వచ్చిన పొరుగూరి ఆడవాళ్లకు మడిలో నేర్పింది. ఆమె వేలిముద్ర వేసే మనిషి. మా విచారణలో కనీసం నాలుగు కుటుంబాల విశ్వాసం ఆమె దగ్గర మొదలైంది.

మన జిల్లాల్లో సువార్త నడిచిన దారి ఎక్కువగా ఇదే, బంధుత్వాల దారి, కూలి దారి, సంత దారి. మన బాప్టిస్టు సోదరుల చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది, అందులో ఒక పేరు చెప్పకుండా ఉండలేను. యర్రగుంట్ల పేరయ్య గారు ఒంగోలు ప్రాంతంలో తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ కుటుంబీకుడు. 1866లో జ్ఞానస్నానం పొందాడు. దొరలు తన పల్లెకు వచ్చేవరకు ఆయన ఆగలేదు. భార్య నాగమ్మతో కలిసి తనవారికి చెప్పాడు, తోళ్ల కోసం తిరిగే ఊళ్లన్నింటిలో చెప్పాడు. మిషనరీలు వెళ్లేసరికి అక్కడ వినేవాళ్లు, అడిగేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఆయన మన కతోలిక శ్రీసభకు చెందినవాడు కాకపోవచ్చు. గెరాసేను మనిషికి మాత్రం సొంత తమ్ముడు.

ఇప్పుడు నా విషయం చెప్పాలి. ఇది చెప్పడానికి నాకు బాధగానే ఉంది.

కావలిలో మేము మొదట అద్దెకున్న ఇంటి పక్కవాటాలో ఒక కుటుంబం ఉండేది. ఆ ఇంటాయన మూత్రపిండాల జబ్బుతో వారానికి రెండుసార్లు నెల్లూరు ఆసుపత్రికి డయాలసిస్ కోసం వెళ్లివచ్చేవాడు. నేను సాయంత్రం మెట్ల మీద కూర్చుని జపమాల చెప్పుకునేదాన్ని. ఒకరోజు ఆ ఇంటావిడ వచ్చి పక్కన కూర్చుని, "అక్కా, ఆ పూసలు తిప్పతా ఏంది నువ్వు దినామూ చదువుతా ఉండేది? నీకు అది చదివితే నిమ్మళంగా ఉంటాదా?" అని అడిగింది. ఆమె ఊరికే అడగలేదు. రాత్రుళ్లు నిద్రలేని మనిషి అడిగిన ప్రశ్న అది. నేను ఏమన్నానంటే, "ఏదో చిన్నప్పటి అలవాటమ్మా" అన్నాను. జపమాల చీర కొంగులోకి సర్దుకుని, ఆయనకు ఎలా ఉందని అడిగాను. ఆమె మళ్లీ అడగలేదు. ఏడాదిన్నరకు ఆయన పోయాడు, ఆమె కొడుకు దగ్గరకు వెళ్లిపోయింది.

నేను ఎందుకు అలా అన్నానో చాలాసార్లు ఆలోచించాను. మర్యాద అనుకున్నాను. మత ప్రచారం చేస్తోందని అనుకుంటారేమోనని భయం. ఉపాధ్యాయినిని కదా అన్న జాగ్రత్త. వీటన్నిటి కింద ఇంకొకటుంది: ఏం చెప్పాలో నాకు తెలియదు. జపమాల నేను యాభై ఏళ్లుగా చెబుతున్నాను, అది నాకు ఏం చేసిందో ఒక్కసారైనా మాటల్లో పెట్టుకుని చూసుకోలేదు. మా పెద్దబ్బాయి జ్వరంతో ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రాత్రులు ఆ పూసలే నన్ను నిలబెట్టాయి. కుమారుడు చనిపోతుంటే సిలువ దగ్గర నిలబడిన తల్లి ఒకరున్నారు, ఆమెకు నా భయం తెలుసు అనే ఒక్క తలపే నన్ను నిలబెట్టింది. ఈ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఆమెను గుడికి రమ్మనాల్సిన పని లేదు, వాదించాల్సిన పని లేదు. ఆకలిగా ఉన్న మనిషి అడిగితే, నా కంచంలో ఉన్నది దాచుకున్నాను.

పునీత పేతురు తన మొదటి లేఖ 3వ అధ్యాయంలో, మీలో ఉన్న నిరీక్షణకు కారణమేమని అడిగే ప్రతివారికీ జవాబు చెప్పడానికి ఎల్లప్పుడూ సిద్ధంగా ఉండండి, అయితే మృదువుగా, గౌరవంతో చెప్పండి అంటాడు. ఆ వాక్యంలో మొదట రావలసింది ఎదుటివారి ప్రశ్న. అడిగేలా మన బతుకు ఉండాలి, అడిగినప్పుడు మన దగ్గర మాట ఉండాలి. మనలో కొందరు మొదటిది చాలంటారు, మంచిగా బతికితే చాలు, నోరు తెరవక్కరలేదని. కొందరికి రెండోదే కనిపిస్తుంది, మైకు పెట్టి చెబితే చాలని. ఆరవ పౌలు పాపుగారు 1975లో వెలువరించిన సువార్తీకరణ లేఖలో, నేటి మనిషి బోధకుల కంటే సాక్షుల మాట ఎక్కువ ఇష్టంగా వింటాడని, బోధకుల మాట విన్నా వారు సాక్షులైనందువల్లే వింటాడని అన్నారు. ఈ మాట మనం తరచుగా వింటాం. అదే లేఖలో ఆయన మరొకటి కూడా చెప్పారు: ఎంత మంచి సాక్ష్యమైనా, యేసు పేరును, ఆయన బోధను, ఆయన జీవితాన్ని స్పష్టంగా ప్రకటించకపోతే చివరికి అది చాలకుండా పోతుంది. ఆ రెండో మాట నా మెట్ల మీది సాయంత్రాన్ని ఎప్పుడూ గుర్తుచేస్తుంది.

ఎల్లప్పుడూ సువార్త ప్రకటించండి, అవసరమైతేనే మాటలు వాడండి అని అస్సీసీపుర ఫ్రాన్సిస్ గారు అన్నట్లు చాలామంది చెబుతారు. ఆయన రాతల్లో ఆ వాక్యం లేదు. 1221 నాటి ఆయన నియమావళిలో ఉన్నది దానికంటే లోతైనది. క్రైస్తవులు కానివారి మధ్యకు వెళ్లే సోదరులు రెండు విధాలుగా నడుచుకోవచ్చు అంటాడు. మొదటిది, వాదాలూ జగడాలూ పెట్టుకోకుండా, దేవుని కోసం ప్రతి మనిషికీ లోబడి ఉంటూ, తాము క్రైస్తవులమని ఒప్పుకోవడం. రెండోది, దేవునికి ఇష్టమని తోచినప్పుడు వాక్కును ప్రకటించడం. మౌనంగా మేలు చేసేటప్పుడు కూడా తాను ఎవరో దాచుకోకూడదని మొదటి మార్గంలోనే ఉంది, గమనించండి.

ఎప్పుడు చెప్పకూడదో కూడా మనకు తెలిసి ఉండాలి. ఇది నాకు చాలా ముఖ్యమైన సంగతి కనుక కొంచెం నిదానంగా చెబుతాను.

ముప్పై రెండేళ్లలో నా తరగతి గదిలో నేను యేసు గురించి ఒక్కనాడూ బోధించలేదు. ఇది పిరికితనం కాదు, పక్కింటావిడ విషయంలో చేసినది పిరికితనం. ఈ రెండూ వేరు. తరగతిలో పిల్లల మార్కులు నా చేతిలో ఉంటాయి. నా కోపానికి భయపడే పిల్లవాడు, నా మెప్పు కోరే పిల్లవాడు నా విశ్వాసానికి తలూపితే అది విశ్వాసం కాదు. రెండవ వాటికన్ మహాసభ 1965లో మత స్వేచ్ఛ గురించి చేసిన ప్రకటనలో, బలవంతపు ఛాయ గానీ, నిజాయితీలేని ఒప్పింపు గానీ ఉన్న ఏ పనీ చేయకూడదని, ముఖ్యంగా పేదవారితో, చదువురానివారితో వ్యవహరించేటప్పుడు అసలు చేయకూడదని ఉంది. మన శ్రీసభ చట్టంలో 748వ నిబంధన కూడా మనస్సాక్షికి విరుద్ధంగా ఎవరినీ కతోలిక విశ్వాసంలోకి బలవంతంగా తేరాదని చెబుతుంది. మన రాజ్యాంగం 25వ అధికరణంలో మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛ ఇచ్చింది. ఆ ప్రచార హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మీద ఎన్ని వాదాలున్నా, మన విశ్వాసం మనకు చెప్పేది మరింత కఠినమైనది. మనిషి హృదయం మారడం దేవుని పని. దాని తలుపును మనం తట్టవచ్చు, తోసుకుని లోపలికి పోరాదు.

1876 నుంచి 1878 వరకు వచ్చిన ధాత కరువు గురించి ఇక్కడి ముసలివాళ్లు వాళ్ల ముసలివాళ్ల దగ్గర విని ఉంటారు. ఒంగోలులోని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. పని దగ్గర సువార్త విన్నవాళ్లు జ్ఞానస్నానం ఇవ్వమని అడిగారు. కరువు ఉన్నంతకాలం ఆయన ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారో, దేవుని కోసం వచ్చారో వాళ్లకూ తనకూ స్పష్టం కావాలనుకున్నాడు. పనీ గింజలూ పంచడం ఆగిన తర్వాత, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది జ్ఞానస్నానం పొందారు. ఆ సంఖ్యను చాలామంది గొప్పగా చెబుతారు. నా మనసుకు దానికి ముందు ఆయన ఆగిన నెలలే గొప్పగా తోస్తాయి. కష్టంలో ఉన్నవాడికి బియ్యం ఇవ్వండి, ఆసుపత్రికి తోడు వెళ్లండి, పిల్లవాడి ఫీజు కట్టండి. దానికి ప్రతిగా అతడి ఆదివారాన్ని అడగకండి. అతడే అడిగితే మాత్రం, ఎందుకు చేశావని అడిగితే మాత్రం, నాలాగా అలవాటని తప్పించుకోకండి.

మన సాక్ష్యాన్ని మనమే చెరిపేసుకుంటున్న చోటు ఒకటుంది. బయటివారు మనల్ని చూసి మొదట అడిగేది త్రిత్వం గురించి కాదు. మీ దేవుడి దగ్గర అందరూ ఒక్కటేనంటారు, మరి మీలో ఈ కులం వాళ్లు ఆ కులానికి పిల్లనిస్తారా, ఒకే శ్మశానంలో పెడతారా అని అడుగుతారు. నా సహోద్యోగి ఒకాయన ఇదే అడిగాడు. నాకు తెలిసిన విచారణల్లోనే జవాబు చెప్పుకోలేని సంగతులు ఉన్నాయి. ఒకే దివ్యసత్ప్రసాదం పుచ్చుకున్నవాళ్లం, మెట్లు దిగాక వేరు వరుసల్లో నిలబడడం నేను కళ్లారా చూశాను. భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య 2016 డిసెంబరులో దళిత సాధికారత విధానాన్ని ప్రకటించి, శ్రీసభలో ఈ వివక్ష ఉందని ఒప్పుకుని, అది పాపమని చెప్పింది. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోని గారు కార్డినలు అయ్యారు, దళితుల నుంచి ఆ స్థానానికి వచ్చిన మొదటివారు ఆయనే, మన తెలుగువారే. ఆ రోజు మా ఇంట్లో పాయసం చేసుకున్నాం. కానీ రోములో జరిగినది మన వీధిలో జరగాలి. పెళ్లి సంబంధాల దగ్గర, విందులో బంతి దగ్గర, శ్మశానంలో స్థలం దగ్గర జరగాలి. మరోవైపు, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడినని కాగితం మీద రాసుకున్న దళితుడు ఎస్సీ హోదా కోల్పోతున్నాడు. ఆ భయంతో విశ్వాసాన్ని దాచుకుని బతుకుతున్న కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. వాళ్లను పిరికివాళ్లని ఎవరూ అనకండి. వాళ్లు మోస్తున్న బరువు మనలో చాలామంది మోయడం లేదు.

ఇక్కడ పొగాకు రైతులు ఎక్కువమంది ఉన్నారు కనుక ఒక మాట. వేలం కేంద్రానికి బేళ్లు తీసుకెళ్లేటప్పుడు పైన మేలురకం ఆకు పెట్టి లోపల నాసిరకం దాచేవాళ్లుంటారు. మా బంధువుల్లో ఒకాయన అలా చేయడు. ధర పడిపోయిన ఏడు కూడా చేయలేదు. గ్రేడింగుకు వచ్చే ఆడవాళ్లకు శనివారం కూలి శనివారమే ఇస్తాడు. ఎందుకయ్యా నీకింత పట్టింపు అని తోటి రైతు అడిగితే, "ఆదివారం గుడిలో నా చేతులు చాపాలి గదా" అన్నాడు. ఆయన ఇంతకంటే పెద్ద ప్రసంగం ఎన్నడూ చేయలేదు. అడిగిన మనిషికి అది అర్థమైంది, దాని గురించి ఆయన తర్వాత కూడా చాలాసార్లు అడిగాడని విన్నాను.

నెల్లూరులో మొహర్రం సమయంలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది. మీలో చాలామంది చూసి ఉంటారు. మన విశ్వాసం వేరు, ఆ ఆచారం వేరు, రెండింటినీ నేను కలపడం లేదు. కానీ అక్కడ స్వర్ణాల చెరువులో నిలబడిన మనుషులను ఒకసారి తలచుకోండి. ఉద్యోగం కోరి రొట్టె పుచ్చుకుని, ఆ కోరిక తీరినవాడు మళ్లీ రొట్టె తీసుకుని వస్తాడు. ఇంకా ఉద్యోగం లేనివాడి చేతిలో దాన్ని పెడతాడు. పొందినవాడే ఇస్తాడు. తనకు ఏం కావలసి వచ్చిందో, ఎలా వచ్చిందో నడుము లోతు నీళ్లలో నిలబడి ముక్కూమొహం తెలియని మనిషికి చెబుతాడు. అతడికి సిగ్గు లేదు. ప్రతి ఆదివారం జీవపు రొట్టెను చేతుల్లో అందుకుంటున్న మనకు, దాని గురించి పక్కింటివారితో ఒక్క మాట చెప్పడానికి ఇంత సిగ్గు ఎందుకు?

ఇంకో రెండు వారాల్లో నవంబరు 2, మన మృతుల స్మరణ దినం, వస్తుంది. సమాధులకు సున్నం కొట్టిస్తాం, పూలు పరుస్తాం, కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఆ సాయంత్రం మన శ్మశానాల దగ్గర ఆగి చూసే ఇతర మతాలవారు చాలామంది. పోయినవాళ్ల దగ్గర వీళ్లు పండుగ ఎందుకు చేసుకుంటారని వాళ్ల పిల్లలు అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు మీ ఇంట్లో జవాబు ఏమిటో ఈ రెండు వారాల్లో ఒక రాత్రి అన్నాలప్పుడు మాట్లాడుకోండి. పిల్లలను చెప్పనివ్వండి. పుస్తకంలోది కాదు, మీరు మట్టి చేసివచ్చిన మీ సొంత మనిషి గురించి మీరు ఏం నమ్ముతున్నారో చెప్పుకోండి.

కావలి మార్కెట్టులో నేను ఏటా చామంతులు కొనే ఒకామె ఉంది. ఏటా అడుగుతుంది, "ఇన్ని పూలు ఎవరికమ్మా?" అని. మా నాన్నకు అని చెప్పి డబ్బులిచ్చి వచ్చేస్తున్నాను. ఈసారి కొంచెం ముందుగా వెళదామనుకుంటున్నాను, బేరం మొదలవకముందే. సైకిలు గురించీ లాంతరు గురించీ చెబుతాను. మా నాన్న ఇప్పుడు ప్రభువు దగ్గర బతికే ఉన్నాడని, మళ్లీ చూస్తానని నమ్మి ఈ పూలు తీసుకెళుతున్నానని చెబుతాను. ఆమెకు కూడా పోయినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల పేర్లు అడుగుతాను.